లేని పార్టు కోసం పంపిన కుర్రాడు

అమెరికాలో మోటారు గ్యారేజీలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి స్టోరుకు పంపి తెమ్మనే సామాన్లు కొన్ని ఉన్నాయి. ఇండికేటర్‌లో పోసే ఆయిల్, సైలెన్సర్ బేరింగులు, ఎడమచేతివాటం వాళ్ళ స్క్రూడ్రైవర్. జర్మనీలోనైతే పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు, గేర్‌బాక్సులో వేసే ఇసుక, ఆకురాయికి పూసే గ్రీజు. బ్రిటన్‌లో గళ్ళు గళ్ళుగా పడే పెయింటు డబ్బా, దానితోపాటు ‘లాంగ్ వెయిట్’. బరువుకూ నిరీక్షణకూ ఇంగ్లీషులో ఉచ్చారణ ఒకటే కాబట్టి, పొడుగాటి బరువు కావాలని అడిగిన పిల్లవాణ్ణి కౌంటర్ మనిషి అరగంట నిలబెట్టి, నీకు కావలసింది ఇచ్చేశాను పొమ్మంటాడు. ఈ సామాన్లేవీ ప్రపంచంలో ఎక్కడా లేవు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు, తోటి పనివాళ్ళకు తెలుసు, స్టోరు మనిషికీ తెలుసు. తెలియనిది పంపించబడిన కుర్రాడికి ఒక్కడికే. స్టోరు మనిషి మొహం మామూలుగా పెట్టి, అయిపోయింది, పక్క దుకాణంలో అడుగు అంటాడు. పక్క దుకాణం వాడు మరొకడి దగ్గరికి పంపుతాడు. కుర్రాడు చెమటలు కక్కుతూ ఖాళీ చేతులతో తిరిగొచ్చేసరికి షెడ్డంతా నవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. తరతరాలుగా నడుస్తున్న ఈ ఆట ఎవరికీ హాని చెయ్యని సరదా అని చాలామంది నమ్మకం. నా అభిప్రాయం వేరు. బండి బాగుచేసే పనికి ప్రాణాధారమైన అలవాట్లు రెండు ఉన్నాయి. తెలియనిది అడగడం, అడిగినవాడికి నిజం చెప్పడం. ఈ ఆట ఆ రెండింటినీ మొదటి వారంలోనే దెబ్బతీస్తుంది. అందుకని దీన్ని మానుకోవాలి.

కొత్తవాడు ఎందుకు నమ్ముతాడో ముందు చూద్దాం. తెలివితక్కువతనం వల్ల కాదు. ఈ ఉత్తుత్తి పేర్లన్నీ నిజమైన పార్టుల పోలికతోనే పుట్టాయి. డ్రమ్ము బ్రేకు విప్పితే బ్రేక్ షూలను వెనక్కి లాగే స్ప్రింగు కనబడుతుంది. క్లచ్‌కు స్ప్రింగులున్నాయి, యాక్సిలరేటర్ వదిలితే వెనక్కి తెచ్చే స్ప్రింగు ఉంది, వాల్వులను మూసే స్ప్రింగులున్నాయి. ఇన్ని చోట్ల చూసినవాడు పిస్టన్‌కూ ఒక స్ప్రింగు ఉంటుందనుకోవడంలో తప్పేముంది? పిస్టన్‌ను పైకి తెచ్చేది క్రాంక్‌షాఫ్టు తిరుగుడూ, ఫ్లైవీలులో నిలవైన వేగమూ అని తెలియాలంటే ఇంజిన్ విప్పినప్పుడు పక్కన నిలబడి చూసి ఉండాలి, చూసినదాన్ని ఎవరో ఒకరు విడమరిచి చెప్పి ఉండాలి. సైలెన్సర్ సంగతీ అంతే. బేరింగు ఉండేది ఏదో ఒకటి తిరిగే చోట. సైలెన్సర్‌లో తిరిగేది ఏదీ లేదు, ఉన్నవి పొగ వెళ్ళే గదులూ గొట్టాలూ మాత్రమే. ఇండికేటర్ వెలిగి ఆరేది ఆయిల్‌తో కాదు, రిలేతో. పాత బళ్ళలో అయితే వేడెక్కి వంగి, చల్లారి మళ్ళీ నిటారయ్యే లోహపు పట్టీతో. ఒక బల్బు మాడిపోతే చాలా బళ్ళలో మిగతా బల్బు గబగబా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆకురాయికి గ్రీజు పూస్తే అది జారిపోతుంది, కోత పడదు. కానీ పళ్ళ మధ్య లోహపు పొడి ఇరుక్కోకుండా సుద్ద రాయడం మాత్రం పాత ఫిట్టర్లకు తెలిసిన నిజమైన పద్ధతే. ఒక్కో అబద్ధపు పార్టు వెనక ఇలా ఒక్కో మంచి పాఠం ఉంది. స్టోరుకు పంపేవాడు ఆ పాఠం చెప్పడు. తెలిసిన నాలుగు చోట్ల నుంచి తెలియని ఐదో చోటును ఊహించిన కుర్రాడు నిజానికి మెకానిక్కు ఉండవలసిన బుర్రనే చూపించాడు. నవ్వు పడింది సరిగ్గా దాని మీద.

పైగా మోటారు లోకంలో నిజాలు ఈ అబద్ధాలకంటే విడ్డూరంగా ఉంటాయి. ఎడమచేతి స్క్రూడ్రైవర్ హాస్యమే. ఎడమ మర నట్టు మాత్రం హాస్యం కాదు. సైకిల్‌కు ఎడమవైపు పెడలు ఎడమ మరతోనే బిగుస్తుంది. యమహా బైకుల్లో చాలావాటికి కుడి అద్దం ఉల్టా తిప్పితేనే ఊడుతుంది. గ్యాస్ వెల్డింగు సెట్టులో ఆక్సిజన్ గొట్టం నట్టు మామూలు మర, ఎసిటిలీన్ గొట్టం నట్టు ఎడమ మర. ఒకదాని చోట మరొకటి పొరపాటున కూడా బిగించకూడదని చేసిన ఏర్పాటు అది. వాల్వుకు స్ప్రింగే అక్కరలేదు అని ఎవరైనా అంటే ఆటపట్టిస్తున్నారనిపిస్తుంది. డుకాటీ బైకుల్లో చాలావాటిలో వాల్వును తెరవడానికి ఒక మీట ఉన్నట్టే మూయడానికీ మరో మీట ఉంటుంది, స్ప్రింగు మీద ఆధారపడరు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. అప్పటినుంచి లారీల్లో, బస్సుల్లో, కొన్ని డీజిల్ కార్లలో పొగగొట్టంలోకి యూరియా ద్రవం చిమ్మే ఏర్పాటు మామూలైపోయింది. నూటికి ముప్పైరెండున్నర పాళ్ళు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఈ సంగతి తెలియని కుర్రాడితో, ఒరేయ్, పొగగొట్టానికి యూరియా నీళ్ళు పట్టుకురా అంటే ఏమనుకుంటాడు? ముందువారం ఇండికేటర్ ఆయిల్ కోసం ఊరంతా తిరిగి నవ్వులపాలైనవాడు దీన్నీ ఎగతాళే అనుకుంటాడు. లేదా అడిగితే నవ్వుతారని నోరు మూసుకుని, తెలిసినట్టు నటించి, ఆ ద్రవాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తాడు. పోసి ఇంజిన్ తిప్పితే పంపూ ఇంజెక్టర్లూ దెబ్బతింటాయి, మరమ్మతు ఖర్చు షెడ్డు యజమాని గుండె ఆగేంత. ఏది నిజమో ఏది అబద్ధమో పేరు వినికిడిని బట్టి తేల్చుకునే వీలు ఈ వృత్తిలో లేదు. తేల్చుకునే దారి ఒక్కటే, అడగడం.

అడిగే చోట్లలో మొదటిది మేస్త్రి, చివరిది స్టోరు కిటికీ. ఈ రెండోదాని విలువ మనం సరిగ్గా గుర్తించం. పార్టులు ఇచ్చేవాడిని సామాన్ల కాపలాదారుగా చూస్తాం. కానీ ఏ బండికి ఏ నంబరు సరిపోతుందో, ఏది అచ్చం దానిలాగే కనిపించినా సరిపోదో అందరికంటే బాగా తెలిసినవాడు చాలాచోట్ల అతనే. 1990 జూన్ 10న బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రమాదాన్ని ఇక్కడ వివరంగా చెప్పాలి. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో 87 మంది ఉన్నారు. పదిహేడు వేల అడుగులు దాటాక కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. గాలి ఒత్తిడికి ఆయన నడుము దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని ఉండగా కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ సహా అందరూ బతికారు. దర్యాప్తులో తేలింది ఇది. అంతకుముందే ఆ అద్దాన్ని కొత్తగా బిగించారు. దానికి పట్టే తొంభై బోల్టుల్లో 84 బోల్టులు ఉండవలసినదానికంటే సన్నవి, అంగుళంలో వెయ్యింట ఇరవైఆరు వంతుల తేడా. మిగిలిన ఆరూ పొట్టివి. బిగించినవాడు కొత్త కుర్రాడు కాదు, అనుభవం ఉన్న షిఫ్టు మేనేజర్. పాత అద్దం నుంచి తీసిన బోల్టులు పట్టుకుని అలాంటివే కావాలని వెతికాడు. ఆ అద్దానికి వాడవలసిన బోల్టు ఇది కాదు, ఫలానా నంబరు అని స్టోరు మనిషి చెప్పాడు కూడా. మేనేజర్ ఆ మాట పట్టించుకోలేదు. వేరేచోట, వెలుతురు సరిగా లేని మూల, డబ్బాల్లో ఉన్న బోల్టులను కంటితో పోల్చి తెచ్చి బిగించాడు.

ఈ సంఘటనకూ ఆటపట్టింపుకూ నేరుగా సంబంధం ఉందని నేను అనడం లేదు. అక్కడ ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు. కానీ మరమ్మతు పనిలో స్టోరు కిటికీ ఎంత బరువైన చోటో దీన్ని మించి చెప్పే ఉదాహరణ నాకు కనబడదు. ఆ రోజు తప్పు ఆగగలిగిన ఆఖరి గడప అది. అక్కడ నిజం పలికింది, వినే చెవి దొరకలేదు. సైలెన్సర్ బేరింగుల ఆట ఆ గడప దగ్గరే ఆడతారు. పార్టుల మనిషిని పథకం ప్రకారం అబద్ధం చెప్పే మనిషిగా మార్చి, అదే కొత్తవాడికి ఆ కిటికీతో తొలి పరిచయం చేస్తారు. ఈ కిటికీ దగ్గర చెప్పే మాట నమ్మాలో వద్దో మొహం చూసి తేల్చుకోవాలి అన్నది వాడు నేర్చుకునే మొదటి సంగతి. ఆరు నెలల తర్వాత అదే స్టోరు మనిషి, ఈ బ్రేకులో ఆ ఆయిల్ పొయ్యకూడదు, రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి అని గట్టిగా చెప్పినప్పుడు ఆ మాట ఎంత లోతుకు దిగుతుంది?

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఇలా ఒకసారి మోసపోతేనే కుర్రాడు చెప్పినదల్లా గుడ్డిగా నమ్మకుండా తన బుర్రతో ఆలోచించడం నేర్చుకుంటాడు, అదే ఈ ఆట ప్రయోజనం అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. పెద్దవాడు చెప్పాడు కదా అని ఆలోచించకుండా చేసే పని వర్క్‌షాపులో ప్రమాదకరమే. అయితే నేర్పాలనుకున్నది అదే అయితే కొలత ఒకటుంది. సైలెన్సర్‌కు బేరింగా, అక్కడ తిరిగేది ఏముంది మేస్త్రీ అని కుర్రాడు అక్కడికక్కడే ఎదురు అడిగితే ఏం జరుగుతుంది? భుజం తట్టి మెచ్చుకునే మేస్త్రులు ఉన్నారు. చెప్పిన పని చెయ్యకుండా ప్రశ్నలా అని గదిమేవాళ్ళూ ఉన్నారు. మామూలు రోజుల్లో ప్రశ్నించినందుకు గదిమి, ఒక రోజు మాత్రం ప్రశ్నించనందుకు నవ్వితే, ఆ పిల్లవాడు నేర్చుకునేది ఆలోచన కాదు, భయం. ఇంకో విషయం, పాఠం ఉండేది నవ్వు తర్వాత. లేని పార్టు ఎందుకు లేదో పది నిమిషాలు కూర్చోబెట్టి చెబితేనే అది చదువు. ఆ పది నిమిషాలు ఇచ్చే మేస్త్రి ఉంటే, అంతకుముందు ఊరంతా తిప్పవలసిన అవసరం అతనికి ఉండదు.

అడిగే ధైర్యానికీ పని నాణ్యతకూ సంబంధం ఉందన్నది నా ఊహ కాదు. హార్వర్డ్ పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సుల బృందాల్లో మందులు ఇవ్వడంలో జరిగే తప్పులను పరిశీలించారు. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న బృందాల్లో తప్పులు తక్కువ నమోదవుతాయని అనుకున్నారు. లెక్క తిరగబడింది, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ఆ బృందాల్లో తప్పులు ఎక్కువ జరగడం దానికి కారణం కాకపోవచ్చు, జరిగినవాటిని దాచకుండా చెప్పుకోవడమే కారణమై ఉంటుందని ఆమె వాదించారు. చెప్పుకున్న తప్పును దిద్దవచ్చు, దాచిన తప్పు రోగి ఒంట్లోకి వెళ్తుంది. టయోటా కార్ల కర్మాగారాల్లో లోపం కనబడితే ఏ స్థాయి కార్మికుడైనా తాడు లాగి హెచ్చరించవచ్చు, అవసరమైతే లైను మొత్తం ఆగిపోతుంది. కొత్తగా చేరినవాడికీ ఆ హక్కు ఉంటుంది. నాకు తెలియదు, నాకు అనుమానంగా ఉంది అనే రెండు మాటలకు ఎంత విలువ ఇవ్వాలో ఈ రెండు చోట్లా కనబడుతుంది. బ్రేకులు, స్టీరింగు, చక్రాల నట్లు చేతిలో ఉన్న మన వృత్తిలో ఆ మాటలు అంతకంటే చవకవి కావు.

రెండో అభ్యంతరం, ఇది కలుపుకునే పద్ధతి అని. మేమూ ఇలాగే తిరిగాం, మాకేం కాలేదు, ఆ రోజు నవ్వించుకున్నాకే మాలో ఒకడివయ్యావని భుజం మీద చెయ్యి వేశారు అంటారు పాతవాళ్ళు. చాలామంది విషయంలో అది నిజమే అయివుంటుంది, వాళ్ళు దాన్ని ప్రేమగా తలుచుకోవడం కూడా నిజమే. కాకపోతే కథ చెప్పడానికి మిగిలినవాళ్ళు వృత్తిలో నిలిచినవాళ్ళు. వారం తిరక్కుండా మానేసి వెళ్ళిపోయినవాడి కథ షెడ్డులో వినబడదు. ఒకే నవ్వు అందరి మీదా ఒకేలా పడదు కూడా. యజమాని అన్నకొడుకు స్టోరుకు వెళ్ళి వస్తే అది ఇంటి సరసం. వేరే రాష్ట్రం నుంచి వచ్చి భాష సరిగా రాని పిల్లవాడు వెళ్ళి వస్తే, వాడికి అర్థమయ్యేది తన భాషకే నవ్వుతున్నారని. మెకానిక్ పనిలోకి ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న అమ్మాయిని పంపితే, ఈ పని ఆడవాళ్ళకు రాదన్న మాటకు అక్కడున్నవాళ్ళందరి ముందూ ఒక రుజువు తయారుచేసినట్టు అవుతుంది. ఇదే వాదన మన కళాశాలల్లో ర్యాగింగు గురించి ఎన్నేళ్ళు విన్నాం! పరిచయం పెంచడానికే, పిరికితనం పోగొట్టడానికే, మేమూ పడ్డాం కదా అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. లేని స్ప్రింగు కోసం పంపడాన్ని ర్యాగింగులోని ఘోరాలతో సమానం చెయ్యడం అన్యాయం, నేను చెయ్యను. కానీ సమర్థించే వాదన మాత్రం రెండిటికీ ఒక్కటే. అక్కడ ఒప్పుకోని వాదనను ఇక్కడ ఒప్పుకోవడానికి కారణం కనబడదు.

ఆ చట్టం చదువుల ప్రాంగణాలకు పరిమితం. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడికి అది అందదు. ఐటీఐలో రెండేళ్ళ మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు చదివినవాడికి పుస్తకమూ, బోధకుడూ ఉంటారు. ఒప్పందం మీద చేరిన అప్రెంటిస్‌కు 1961 చట్టం ప్రకారం శిక్షణ ఇవ్వవలసిన బాధ్యత యజమానిది. విజయవాడ ఆటోనగర్ నుంచి పల్లె సెంటర్లో పంక్చర్లు వేసే గుడిసె దాకా ఏ కాగితమూ లేకుండా పానాలు అందిస్తూ పని నేర్చుకునేవాళ్ళకు ఇవేవీ వర్తించవు. వాళ్ళకు పుస్తకం మేస్త్రి నోరే. ఆ నోటి నుంచి వచ్చే మాటలో ఏది పాఠమో ఏది పరిహాసమో తెలియని స్థితి, పుస్తకం ఉన్నవాడికంటే వీళ్ళకు ఎక్కువ నష్టం చేస్తుంది. జర్మనీ ఆటపట్టింపులకు పేరుపడ్డ దేశమైనా, అక్కడ 1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టం ఒక మంచి నియమం పెట్టింది. నేర్చుకునేవాడికి అప్పగించే పని శిక్షణ ఉద్దేశానికి ఉపయోగపడాలి, వాడి శరీర బలానికి తగినదై ఉండాలి. అక్షరం ప్రకారం చూస్తే, గేర్‌బాక్సు ఇసుక తెమ్మనడం ఆ నియమంలో ఇమడదు. చట్టం ఉన్నా అక్కడ ఆట పూర్తిగా ఆగలేదు, పోలీసులను పెట్టి ఆపించవలసిన విషయమూ కాదిది. అయితే నేర్చుకునేవాడి సమయం ఎవరి వినోదానికో కాదు, వాడి విద్యకే చెందాలన్న సూత్రాన్ని ఒక దేశం రాతపూర్వకంగా ఒప్పుకుంది. మన షెడ్లలో రాయకపోయినా పాటించవచ్చు.

మరి నవ్వు లేని షెడ్డు ఎలా ఉంటుంది అన్నది చివరి అభ్యంతరం, నాకు అన్నిటికంటే ఇష్టమైన అభ్యంతరం కూడా. ఎండలో, గ్రీజులో, కస్టమర్ల తొందరలో రోజంతా నలిగేవాళ్ళకు నవ్వు కావాలి. ఈ ఉత్తుత్తి పార్టుల్లో ఉన్న చమత్కారం పారేసుకోదగ్గది కాదు. పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఊహించినవాడికి ఇంజిన్ మీద ఎంత పట్టు ఉండివుంటుంది! కాబట్టి హాస్యం ఉంచి, వంచన తీసేద్దాం. కొత్తవాడు చేరిన మొదటి వారంలో ఒక రోజు టీ వేళకు మేస్త్రి పది పేర్లు చెప్పాలి. బ్రేక్ షూ వెనక్కి లాగే స్ప్రింగు, పిస్టన్ వెనక్కి లాగే స్ప్రింగు, ఎడమ మర నట్టు, ఎడమచేతి స్క్రూడ్రైవర్, పొగగొట్టంలోకి యూరియా, ఇండికేటర్‌లోకి ఆయిల్, ఆకురాయికి సుద్ద, ఆకురాయికి గ్రీజు, ఇలా నిజమూ అబద్ధమూ కలిపి చెప్పి, వీటిలో ఉన్నవేవో లేనివేవో తేల్చమనాలి. ముందే ఆట అని చెప్పి ఆడినప్పుడు ఓడినవాడూ నవ్వుతాడు. ఎందుకు ఉందో, ఎందుకు లేదో చెప్పించే బాధ్యత పాతవాళ్ళలో ఒకరి మీద పెడితే ఇంకా మంచిది. పదేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళలో కూడా ఎసిటిలీన్ నట్టుకు ఎడమ మర ఎందుకో చెప్పలేనివాళ్ళు ఉండవచ్చు, వాళ్ళకూ ఆ రోజు ఒక సంగతి తెలుస్తుంది. ఐటీఐ బోధకులు మొదటి వారం తరగతిలో దీన్ని చేర్చడానికి కొత్త సిలబస్ అక్కరలేదు, ఒక నల్లబల్ల చాలు. స్పేరు పార్టుల దుకాణాల వాళ్ళు కూడా ఒక పని చెయ్యగలరు. లేని సామాను కోసం ఎవరైనా వస్తే, పక్క కొట్టుకు పంపకుండా అలాంటిది లేదని చెప్పి, అసలు ఏ బండికి ఏం పని చేస్తున్నారో అడగాలి. వచ్చిన కుర్రాడికి నిజంగానే ఏదో పార్టు కావలసి ఉండి, పేరు తప్పు విని వచ్చి ఉండవచ్చు.